శిల మీది దాత, చీటీ మీది దాత

కలకత్తాలో కాలేజ్ స్ట్రీట్‌ను పుస్తకాల వీధి అంటారు. నడిచేవారికి చోటు మిగలనంతగా పరచుకున్న పాత పుస్తకాల దుకాణాలకు ఒక వైపు కలకత్తా విశ్వవిద్యాలయం, మరొక వైపు కాలేజ్ స్క్వేర్ చెరువు ఉంటాయి. బౌద్ధ చరిత్ర విద్యార్థి ఆ వీధిలో రెండు గడపలు తొక్కవలసి ఉంది. ఒకటి విశ్వవిద్యాలయంలోని అశుతోష్ భారతీయ కళా మ్యూజియం. రెండవది చెరువు ప్రక్కనే ఉన్న శ్రీ ధర్మరాజిక చైత్య విహారం. మొదటిచోట బుద్ధ ప్రతిమలు చూడడానికి ఉన్నాయి, రెండవచోట నమస్కరించడానికి ఉన్నాయి. రెండింటికీ సంబంధించిన పేరు మాత్రం ఒక్కటే: సర్ అశుతోష్ ముఖర్జీ.

రెండవ గడపతో తెలుగునేలకు సూటి సంబంధం ఉంది. 1920 నవంబరులో ఆ విహారంలో ప్రతిష్ఠించిన బుద్ధధాతువు మన భట్టిప్రోలు స్తూపంలో లభించినది. అనగారిక ధర్మపాల స్థాపించిన మహాబోధి సభకు అప్పటి ప్రభుత్వం దానిని అప్పగించింది. సభాధ్యక్షుని హోదాలో అశుతోష్ ముఖర్జీయే బెంగాల్ గవర్నరు లార్డ్ రోనాల్డ్‌షే చేతి నుంచి దానిని స్వీకరించారు. భట్టిప్రోలు స్తూపం చూసి వచ్చిన మన ఉపాసకులలో ఈ సంగతి తెలిసినవారు మాకు చాలా తక్కువగా తటస్థపడ్డారు.

ఈ వ్యాసంలో మేము ప్రధానంగా మాట్లాడదలచినది మొదటి గడప గురించి. విశ్వవిద్యాలయాల మ్యూజియాలలో బౌద్ధ శిల్పాలు కొత్తగా చేరుతూ ఉంటాయి. వాటిని ప్రత్యేకంగా ఒక గదిలో అమర్చి ‘కొత్తగా చేరినవి’ అని ప్రదర్శిస్తారు. ఆ గదిలోకి అడుగుపెట్టిన బౌద్ధుడు ఆ ప్రతిమను ఏమని అడగాలి అన్నది మా విషయం. అయితే భట్టిప్రోలు కథ తెలియనిదే ఆ ప్రశ్నకు బలం రాదు కనుక అక్కడి నుంచే మొదలుపెడుతున్నాము.

భట్టిప్రోలు స్తూపాన్ని అలెగ్జాండర్ రే 1892లో తవ్వే నాటికే దాని పైభాగం చాలావరకు పోయింది. రోడ్లకూ కాలువ పనులకూ ఇటుకలనూ రాతి పలకలనూ తరలించుకుపోయారు. మిగిలిన కట్టడం నడిమి భాగంలో ఆయనకు మూడు రాతి పేటికలు దొరికాయి. వాటిలో స్ఫటిక భరిణెలు, బంగారు పువ్వులు, ముత్యాలు, ఎముక ధాతువు ఉన్నాయి. పేటికల మూతల మీదా అంచుల మీదా శాసనాలు ఉన్నాయి. బ్యూలర్ చదివిన ఆ శాసనాలలో కుబీరకుడనే రాజు పేరు వస్తుంది. కాని రాజు కన్నా ముఖ్యులు అక్కడ వేరే ఉన్నారు. కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు అనే ఒక కుటుంబం బుద్ధుని ధాతువులను ఉంచడానికి పేటికనూ భరిణెనూ చేయించిందని ఒక శాసనం చెబుతుంది. నిగమ సభ్యుల పేర్లు, గోష్ఠి సభ్యుల పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. క్రీస్తు పూర్వపు కృష్ణా తీరంలో ఒక ఊరివారు కూడి, ఖర్చు పంచుకొని, పేర్లు రాయించుకున్న పని అది.

ఈనాడు పేటికలు చెన్నైలో ఉన్నాయి. ధాతువు కలకత్తాలో ఉంది. స్తూపం భట్టిప్రోలులో ఉంది. మూడూ మూడు చోట్లకు చేరినా కథ చెదరలేదు. ఎందుకంటే ఏ పేటిక ఎక్కడ ఉన్నదో, ఎంత లోతున ఉన్నదో, దానిలో ఏమేమి ఉన్నాయో రే కొలిచి, గీసి, 1894లో అచ్చువేశారు. ఆయన పద్ధతులు నేటి ప్రమాణాలకు నిలవవు, నిజమే. అయినా ఆ కాగితం ఉన్నందువల్లనే కలకత్తా విహారంలో చేతులు జోడించే ఉపాసకుడు భట్టిప్రోలు కురుని తల్లిని తలచుకోగలుగుతున్నాడు. ఆ కాగితం లేకపోతే అది ఎవరిదో తెలియని ఎముక ముక్క.

ఇక మొదటి గడప సంగతి. అశుతోష్ ముఖర్జీ 1906 నుంచి 1914 వరకు, తిరిగి 1921 నుంచి 1923 వరకు కలకత్తా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. పాళీ భాషకు ఆ విశ్వవిద్యాలయంలో పీఠం వేసినవారాయనే. ధర్మానంద కోశాంబి అక్కడ కొంతకాలం పాళీ బోధించారు. చిట్టగాంగ్ బౌద్ధ కుటుంబంలో జన్మించి, 1917లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి డి.లిట్. పట్టం పొందిన తొలి ఆసియావాసిగా పేరుపొందిన బేణీమాధవ్ బరువా అక్కడే ఆచార్యులుగా ఉండి బర్హుత్ శాసనాల మీద పనిచేశారు. అశుతోష్ మరణించిన 13 సంవత్సరాలకు, 1937లో, ఆయన పేరిట విశ్వవిద్యాలయం మ్యూజియం నెలకొల్పింది. భారతదేశంలో ఒక విశ్వవిద్యాలయం ప్రజల కోసం తెరచిన తొలి మ్యూజియం అదేనని చెబుతారు.

దాని తొలి క్యూరేటర్ దేవప్రసాద్ ఘోష్. ఆయన దారి వేరు. మహారాజులు బహుమతిగా పంపే వస్తువుల కోసం ఎదురుచూడకుండా బెంగాల్ పల్లెల నుంచి సేకరణ మొదలుపెట్టారు. మట్టి బొమ్మలు, కుట్టుపని కాంథాలు, పటచిత్రాలు, కొయ్య శిల్పాలు, పాల, సేన యుగాల నల్లరాతి ప్రతిమలు అలా వచ్చి చేరాయి. రాజభవనంలో ఉన్నది మాత్రమే కళ అని నమ్మిన రోజులలో పల్లెటూరి స్త్రీ పాత చీరల మీద కుట్టిన బొంతను గాజు వెనుక పెట్టడం చిన్న సాహసం కాదు. ఈ ఒక్క పనికే ఆ మ్యూజియం మాకు ఇష్టం.

అయితే చరిత్రకారులుగా మేము అంతకంటె విలువైనదిగా భావించేది మరొకటి. ఆ విశ్వవిద్యాలయం వస్తువులను కొనుక్కోవడంతో సరిపెట్టుకోలేదు, తానే తవ్వింది. 1923లో పహాడ్‌పూర్ దిబ్బ మీద తొలి పలుగు పడినప్పుడు రాజషాహీకి చెందిన వరేంద్ర పరిశోధన సమితితో పాటు కలకత్తా విశ్వవిద్యాలయం ఉంది. డి.ఆర్. భండార్కర్ ఆ పనికి నాయకత్వం వహించారు. ఆ దిబ్బ క్రింద ఉన్నది పాల చక్రవర్తి ధర్మపాలుని సోమపుర మహావిహారమని తరువాతి తవ్వకాలలో బయటపడిన మట్టి ముద్రలు చెప్పాయి. 1938 నుంచి 1941 వరకు దీనాజ్‌పూర్ జిల్లా బాణగఢ్‌లో కుంజగోవింద గోస్వామి తవ్వారు. 1956–57 నుంచి దశాబ్దం పాటు కలకత్తాకు ఈశాన్యంగా ఉన్న చంద్రకేతుగఢ్‌లో అశుతోష్ మ్యూజియమే తవ్వకాలు జరిపించింది. నాగపూర్ దీక్షాభూమిలో బాబాసాహెబ్ లక్షలాదిమందితో త్రిశరణాలు పలికించినదీ, అక్కడ బెంగాల్‌లో ఆ పని మొదలైనదీ దాదాపు ఒకే కాలం. ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. అయినా మా తరగతిలో ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాయకుండా ఉండలేము.

తవ్వకంలో దొరకడానికీ బజారులో దొరకడానికీ ఉన్న భేదాన్ని చంద్రకేతుగఢ్ మట్టిబొమ్మలే బాగా నేర్పుతాయి. తలపాగాలో సూదులు గుచ్చుకున్న యక్షిణులు, రథమెక్కిన పురుషులు, పంట కోసే కూలీలు ఉన్న ఆ చిన్న పలకలు ప్రపంచ ప్రసిద్ధమయ్యాయి. ప్రసిద్ధి వల్లనే వాటికి చేటు వచ్చింది. రైతులు పొలం దున్నుతుంటే దొరికినవీ, రాత్రిళ్ళు గోతులు తవ్వి తీసినవీ దళారుల చేతులు మారి ఐరోపా, అమెరికా మ్యూజియాలకు, ధనికుల ఇళ్ళకు చేరాయి. వాటి వెంట నకిలీలు కూడా చేరాయి. గోతిలో నుంచి అధికారికంగా తీసిన పలకకు ఏ పొరలో ఉన్నదో, ప్రక్కన ఏ కుండపెంకు ఉన్నదో, ఏ నాణెం ఉన్నదో రాసి ఉంటుంది. అది ఇంట్లో పూజకు వాడారా, పిల్లల ఆటవస్తువా, గోడకు తగిలించేవారా అని ఊహించడానికి ఆధారం ఉంటుంది. దుకాణం నుంచి వచ్చిన పలకకు అందం తప్ప మరేమీ ఉండదు. అది అసలుదో కాదో తేల్చడానికి కూడా ప్రయోగశాలకు పంపవలసిందే. ఒకే మూసలో పోసిన రెండు బొమ్మలలో ఒకటి సాక్షి, మరొకటి అనాథ.

ఇప్పుడు దాతల మాటకు వద్దాము. పాల యుగపు బౌద్ధ ప్రతిమల పీఠాల మీద తరచు కనిపించే ఒక వాక్యం ఉంది. ఈ ప్రతిమ ఫలానా ఉపాసకుని దేయధర్మమనీ, దీనివల్ల కలిగే పుణ్యం తలిదండ్రులు మొదలుకొని సమస్త ప్రాణులకూ ఉత్తమ జ్ఞానం కలిగించాలనీ దాని సారాంశం. అంతకు ఎనిమిది, తొమ్మిది వందల సంవత్సరాల ముందే మన అమరావతిలో ఎన్నో రాళ్ళ మీద ‘దానం’ అనే మాట ఉంది. గృహపతులు, గంధపు వ్యాపారులు, నీటిచలివేంద్రాన్ని చూసే ఉద్యోగి, భిక్షువులు, భిక్షుణులు, కూతుళ్ళతో కోడళ్ళతో కలిసి వచ్చిన తల్లులు ఆ దాతలు. అందులో ఒక శాసనం మన పాఠకులు కంఠస్థం చేయదగినది. నాగోపాధ్యాయుని కుమారుడైన విధికుడు అనే చర్మకారుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారునితో, కుమార్తెలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని మహాచైత్యానికి దానం చేశాడని అది చెబుతుంది.

ఈ శాసనాన్ని మేము తరగతిలో చదివిన రోజున వెనుక బల్లల మీద నిశ్శబ్దం ఆవరించడం ఒకసారి కాదు, పలుమార్లు చూశాము. తోలుపని చేసే మనిషి, అతని తండ్రి ఉపాధ్యాయుడు, అతని కుటుంబమంతా స్తూపం దగ్గర నిలబడి తమ పేర్లు రాతి మీద చెక్కించుకున్నారు. ఆనాటి చమ్మకారుడే ఈనాటి ఫలానా కులంవాడు అని ఒక్క శాసనాన్ని పట్టుకొని అనకూడదు. నడుమ పద్దెనిమిది వందల సంవత్సరాలు ఉన్నాయి, వృత్తికీ కులానికీ గల ముడి అంత సులువుగా విప్పదగినది కాదు. అయితే తోలు ముట్టిన చేయి పవిత్ర స్థలాన్ని ముట్టరాదన్న నియమం ఆ రోజు ఆ స్తూపం దగ్గర లేదని మాత్రం నిస్సంశయంగా అనవచ్చు. మీకు చరిత్ర లేదని తరతరాలుగా వింటూ వచ్చిన వారికి ఈ నాలుగు పంక్తులు ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

మ్యూజియం గదిలో ప్రతిమ క్రింద పెట్టే చీటీ మీద కూడా ఒక దాత పేరు ఉంటుంది. ‘ఫలానా దంపతుల బహుమతి’, ‘ఫలానా నిధితో కొనుగోలు’ అని రాస్తారు. అది మర్యాదే, కాదనము. కాని శిల మీది దాత మొదటివాడు, చీటీ మీది దాత చివరివాడు. వీరిద్దరి నడుమ ఏమి జరిగిందో చెప్పే వాక్యం చాలా చీటీల మీద కనిపించదు. ఊరి పేరుకు బదులు ‘ఆంధ్ర ప్రాంతం’ అని, ‘తూర్పు భారతదేశం’ అని, మరీ ఉదారంగా ‘దక్షిణాసియా’ అని ఉంటుంది. మొండెం నుంచి విరిచి తెచ్చిన బుద్ధుని శిరస్సును వెల్వెట్ గుడ్డ మీద నిలబెట్టి, దాని ప్రశాంతతను వర్ణిస్తూ చీటీ రాసేవారికి ఆ మెడ దగ్గరి ఉలిదెబ్బ ఎందుకు కనబడదో మాకు ఎన్నడూ బోధపడలేదు.

ఆ నడుమ కథ బయటపడిన సందర్భాలు ఇటీవల పెరిగాయి. న్యూయార్క్‌లో పురావస్తువుల దుకాణం నడిపిన సుభాష్ కపూర్ 2011లో జర్మనీలో అరెస్టయ్యాడు. మరుసటి సంవత్సరం అతన్ని భారతదేశానికి అప్పగించారు. 2022లో కుంభకోణం న్యాయస్థానం శిక్ష విధించింది. వస్తువుకు లేని పాత యజమానులను కాగితం మీద పుట్టించడం అతని వ్యాపారంలో ఒక పద్ధతిగా సాగిందని దర్యాప్తులు తేల్చాయి. అతని దగ్గర కొన్నవారిలో విశ్వవిద్యాలయాల మ్యూజియాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయ మ్యూజియం 2005లో కొన్న శివపార్వతుల కంచు ప్రతిమను 2015లో వదులుకుంది. 2022లో యేల్ విశ్వవిద్యాలయ కళాశాల నుంచి 13 వస్తువులను న్యూయార్క్ అధికారులు స్వాధీనం చేసుకున్నారు. అందులో అధిక భాగం ఒక దాతృ సంస్థ బహుమతిగా వచ్చినవి. బహుమతి ఇచ్చినవారికి పేరు వచ్చింది, తీసుకున్నవారికి ప్రదర్శన దక్కింది. వస్తువు ఏ గుడిది, ఏ విహారానిది అన్న ప్రశ్న చాలా ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. చదువు చెప్పే సంస్థ ఆ ప్రశ్న వేయకపోవడం దుకాణదారు వేయకపోవడం కంటె పెద్ద లోపమని మా అభిప్రాయం.

మన ఇంటి ఉదాహరణ చందవరం. ప్రకాశం జిల్లా దొనకొండ ప్రాంతంలో గుండ్లకమ్మ తీరాన కొండ మీద ఉన్న ఆ మహాస్తూపాన్ని రాష్ట్ర పురావస్తుశాఖ 1970ల దశకంలో తవ్వింది. అక్కడ దొరికిన సున్నపురాతి శిల్పాలను స్థలంలోనే భద్రపరిచారు. ఆ భద్రత ఎంతమాత్రం చాలలేదు. దొంగతనాలు జరిగాయి. బుద్ధుని ఆరాధిస్తున్న ఉపాసకులను చూపే ఒక ఫలకం 2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలోని జాతీయ కళాప్రదర్శనశాలలో కొత్త చేర్పుగా తేలింది. అది విశ్వవిద్యాలయానిది కాదు, దేశప్రభుత్వానిది. కాని జరిగిన తీరు ఒకటే. అమ్మినది కపూర్ దుకాణం. ఆ ఫలకం అంతకుముందు భారతదేశంలోనే ఉన్నదని పాత ఛాయాచిత్రాలు రుజువు చేయడంతో 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దానిని తిరిగి ఇచ్చింది.

ఛాయాచిత్రం అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాము. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆష్మోలియన్ మ్యూజియం 1967లో వేలంలో కొన్న తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహాన్ని భారతదేశానికి ఇవ్వడానికి 2024లో విశ్వవిద్యాలయ పాలకమండలి సమ్మతించింది. అది వైష్ణవ భక్తునిది, మన సంప్రదాయానిది కాదు. కాని ఆ విగ్రహం ఏ గుడిదో తేలినది ఎలా? పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థవారు 1957లో తమిళనాట గుడులు తిరుగుతూ తీసిన ఒక ఫోటో వల్ల. ఫోటో తీసినవారికి ఆ రోజున దొంగతనం గురించిన ఆలోచనే ఉండి ఉండదు. ఊరూరా తిరిగి ఉన్నది ఉన్నట్టు దాఖలు చేశారు, అంతే. చందవరంలోనూ ఆదుకున్నది ఫోటోలే. మన జిల్లాలలో చేనుగట్ల మీద, రావిచెట్ల క్రింద, గ్రామదేవత గుడి అరుగులలో ఉన్న బౌద్ధ శిలలలో ఎన్నింటికి అటువంటి ఫోటో ఉంది? మన సంఘాల యాత్రలలో అందరమూ శిల ముందు నిలబడి ఫోటోలు దిగుతాము. శిలను ఒంటరిగా, కొలబద్ద ప్రక్కన పెట్టి, ఊరి పేరూ తేదీ రాసి తీసిన ఫోటోలు మా చేతికి వచ్చినవి బహుకొద్ది.

విదేశీ మ్యూజియం దొంగ, స్వదేశీ మ్యూజియం దొర అన్న సులువైన మాట మేము అనము. అమరావతి దిబ్బ రాళ్ళను ముందుగా కదిలించినది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో పట్నం కట్టిన మనవారే. సున్నం కోసం శిల్పాలను కాల్చినవారూ మనవారే. కాలిన్ మెకంజీ గీయించిన బొమ్మలు లేకపోతే ఆ మహాచైత్యం రూపురేఖలు నేడు సగం కూడా తెలియవు. ఇంగ్లండులో, అమెరికాలో ఉన్న విశ్వవిద్యాలయ మ్యూజియాలు తమ వస్తువులను శ్రద్ధగా అచ్చువేసి, అడిగిన విద్యార్థికి చూపిస్తాయి. మన దగ్గర కొన్ని సంస్థలలో గోదాము తలుపు తెరిపించడానికి పరిశోధక విద్యార్థి చెప్పులరిగేలా తిరగాలి. తిరిగి వచ్చిన విగ్రహాలకు స్వాగతోత్సవం చేస్తున్నాము. ఆ తరువాత అవి ఎక్కడ ఉన్నాయో అడిగేవారు తక్కువ.

అందుకే మంచి చేర్పు అంటే ఏమిటో చూపే ఉదాహరణ కోసం మేము మళ్ళీ కలకత్తా విశ్వవిద్యాలయం వైపే చూస్తున్నాము. బెంగాల్ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, దాంతన్ సమీపంలో మొగల్‌మారి అనే పల్లె ఉంది. ఊరి దిబ్బను సఖిసేన అనే రాకుమార్తె చదువుకున్న పాఠశాలగా జానపదులు చెప్పుకునేవారు. దిబ్బ మీద గ్రామ యువకుల సంఘం, దాని గ్రంథాలయం ఉన్నాయి. 2003–04లో ఆ విశ్వవిద్యాలయ పురావస్తు విభాగం ఆచార్యులు అశోక్ దత్తా నాయకత్వంలో అక్కడ తవ్వకం మొదలుపెట్టింది. దాదాపు దశాబ్దం పాటు విడతలు విడతలుగా సాగిన పనిలో గచ్చు శిల్పాలతో అలంకరించిన గోడలు, భిక్షువుల గదులు, మట్టి ముద్రలు వెలువడ్డాయి. అది క్రీ.శ. 6వ శతాబ్దం నుంచి నిలిచిన బౌద్ధ విహారమని తేలింది. దత్తా 2012లో కన్నుమూశారు. ఆ తరువాత రాష్ట్ర పురావస్తుశాఖ పని కొనసాగించగా, 2016లో ఒకే చోట తొంభైకి పైగా కంచు వస్తువులు బయటపడ్డాయి. వాటిలో బుద్ధ, బోధిసత్వ ప్రతిమలు ఉన్నాయి. తామ్రలిప్తి పరిసరాలలో పది సంఘారామాలు ఉన్నాయని ఏడవ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ రాసిన మాటకు ఆ ప్రాంతంలో కండ్లకు కనిపించే ఆధారం ఇంతకాలానికి దొరికింది.

ఆ కంచు ప్రతిమలు ఒకటొకటిగా దళారి చేతిలో పడి ఉంటే ఏమయ్యేవో ఊహించడం కష్టం కాదు. తొంభై పైచిలుకు చీటీల మీద తొంభై పైచిలుకు దాతల పేర్లు ఉండేవి. మొగల్‌మారి అన్న మాట ఒక్కదాని మీద కూడా ఉండేది కాదు. అవన్నీ ఒక విహారంవారు ఒక్కచోట దాచుకున్నవని ఎవరికీ తెలిసేది కాదు. తమ చావడి క్రింద ఉన్నది భిక్షువుల నివాసమని ఆ పల్లెవారికీ తెలిసేది కాదు.

చివరగా మా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మేము ఇదివరకు పనిచేసిన ఒక కళాశాలలో చరిత్ర విభాగపు గాజు బీరువాలో ఒక సున్నపురాతి ముక్క ఉండేది. స్తూపపు కంచె మీది అడ్డదూలపు భాగం. సగం పద్మం మిగిలి ఉంది. దాని ముందు టైపు చేసిన చీటీ: ‘బౌద్ధ శిల్పం, క్రీ.శ. 2వ శతాబ్దం’. క్రింద కళాశాలకు బహూకరించిన ఊరి పెద్ద పేరు, ఇంటిపేరుతో, బిరుదుతో సహా ఉంది. చేరిన కొత్తలో మేమూ ఆ చీటీనే చదివి సంతృప్తి పడ్డాము. అయిదేళ్ళు విద్యార్థులకు దానినే చూపించాము. ఒక వేసవిలో బీరువా శుభ్రం చేస్తూ రాతిని వెనక్కు తిప్పినప్పుడు విరిగిన అంచున బ్రాహ్మీ అక్షరాలు కనిపించాయి. తడిగుడ్డతో తుడిచి, ప్రక్క నుంచి టార్చి వెలుతురు వేసి చదివితే ‘...స దానం’ అని ఉంది. ఎవరి దానమో ఆ పేరు విరిగిన ముక్కతో పోయింది. షష్ఠీ విభక్తి ఒక్కటి మిగిలింది.

ఆ విరిగిన రెండవ ముక్క ఎక్కడైనా ఉండవచ్చునన్న ఆశతో రాయి ఎక్కడిదని వెదకడం మొదలుపెట్టాము. కళాశాల రిజిస్టరులో క్రమసంఖ్య, తేదీ, వస్తువు, దాత, విలువ అని గడులు ఉన్నాయి కాని దొరికిన చోటుకు గడి లేదు. దాత కుటుంబంవారు తమ తాతగారి పెరటిలో ఉండేదన్నారు, అంతకు మించి తెలియదన్నారు. పదవీ విరమణ చేసిన ఒక వృద్ధ అటెండరు మాత్రం కాలువ తవ్వినప్పుడు మట్టిలో వచ్చిందనీ, బండి మీద తెచ్చారనీ చెప్పాడు. ఏ ఊరి దగ్గర అంటే రెండు ఊళ్ళ పేర్లు చెప్పాడు. విద్యార్థులతో రెండు ఊళ్ళకూ వెళ్ళాము. ఒక ఊరిలో కాలువ గట్టున పెద్ద ఇటుకలు కనిపించాయి. రెండవ ఊరిలో పశువుల కొట్టం మెట్టుగా వేసిన రాయి అదే రకం సున్నపురాయి. భూమిలో దొరికిన పాతవస్తువును అధికారులకు తెలపాలని 1878 నాటి నిక్షేప చట్టం, శిల్పాలను నమోదు చేయించాలని 1972 నాటి పురావస్తు చట్టం చెబుతున్నాయి కనుక ఫోటోలు, కొలతలు జతచేసి పురావస్తుశాఖకు ఉత్తరం పంపాము. తిరిగి వచ్చాక రిజిస్టరులో ఆ వరుసకు ఎదురుగా స్కేలుతో కొత్త గడి ఒకటి గీసి, పైన ‘దొరికిన చోటు’ అని రాసి, రెండు ఊళ్ళ పేర్లనూ పెన్సిలుతో నింపాము. దాత అన్న గడిలో పాత పేరుకు ముందు కొంచెం ఖాళీ ఉంది. అందులో ‘...స’ అని చేర్చాము.